నిన్నటి నీళ్ళు

ఒక శ్రావణ శుక్రవారం పొద్దున మా అమ్మ చేతిలోని సాంబ్రాణి ధూపాన్ని హాల్లోకి రాకుండా ఆపించాను. ఆరు నెలలు ఆ పొగ మా హాలు గడప దాటలేదు. కారణం చేపలు. ఈ సంగతి స్నేహితుల దగ్గర చాలాసార్లు చెప్పాను, నవ్వించడానికి. చెప్పిన ప్రతిసారీ నేను చేసిన పని దగ్గరికి వచ్చేసరికి కాస్త వేగంగా దాటేసేవాణ్ణి. ఈసారి అక్కడ ఆగి రాస్తాను.

అప్పట్లో మేం బోయిన్‌పల్లిలో రెండో అంతస్తు ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. అమ్మ, నా భార్య, నేను. విజయనగరం వైపు నుంచి ఉద్యోగాల వెంట వచ్చినవాళ్ళం. నా భార్య బడిలో లెక్కలు చెప్పేది. నేను మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ చేసేవాణ్ణి. ఎవరో రాసిన ప్రోగ్రాములో తప్పు ఎక్కడుందో పట్టుకోవడం నా పని. ఊరు ఊరంతా పెళ్ళికి తయారవుతున్నట్టుండేది. నెలకో కొత్త భవనం అద్దాలు తొడుక్కునేది. క్యాబ్‌లో పక్క సీటువాడు వారానికోసారి ఉద్యోగం మారబోతున్నానని చెప్పేవాడు. అందరికీ ఏదో ఒక పిచ్చి. ఒకడికి షేర్లు, ఒకడికి ప్లాట్లు. నాకు చేపలు.

రెజిమెంటల్ బజార్‌లో ఒక ఇరుకు సందులో చేపల దుకాణం ఉండేది. నడిపే పెద్దాయన్ని అందరూ భాయ్ అనేవారు. ఆయన దగ్గర మొదట పది గప్పీలు కొన్నాను. గోరంత చేపలు, ఒళ్ళంతా తోకే. గప్పీలు గుడ్లు పెట్టవు, పిల్లల్నే కంటాయి. నెల తిరిగేసరికి పది కాస్తా అరవై అయ్యాయి. ఏమీ చేయకుండానే అరవై అయితే నాకు విసుగొచ్చింది. కష్టం లేనిదాంట్లో నా గొప్ప ఏముంది? ఒక శనివారం మళ్ళీ భాయ్ దుకాణానికి వెళితే, లోపలి గదిలో పెద్ద తొట్టెలో అవి కనిపించాయి. అరచేయంత వెడల్పు, పళ్ళెంలా గుండ్రం, ఎర్రటి ఒంటి మీద నీలిగీతలు. ఈదడం లేదు, గాలిలో వేలాడదీసినట్టు నిలబడి నన్నే చూస్తున్నాయి.

"ఇవేంటి భాయ్?"

"డిస్కస్ సార్. జెర దూరంకెళ్ళి చూడుండ్రి. గివి నవాబులు. అద్దం మీద వేలు పెడితె అలుగుతయ్."

"గప్పీలు పెంచినవాణ్ణి, వీటిని పెంచలేనా?"

భాయ్ నవ్వాడు. "గప్పీలు మీరెక్కడ పెంచిండ్రు సార్? గవే పెరిగినయ్."

ఆ మాట గుచ్చుకుంది. ఆరు డిస్కస్ పిల్లల్ని కొన్నాను. అప్పటికవి రూపాయి బిళ్ళంత ఉన్నాయి. హాల్లో టీవీ ఉండాల్సిన చోట నాలుగడుగుల అద్దాల తొట్టె పెట్టాను. టీవీ పడగ్గదిలోకి పోయింది. గప్పీలు బాల్కనీలోకి పోయాయి, అమ్మ తులసి పక్కనున్న సిమెంటు తొట్టిలోకి. "అమ్మా, ఇవి నువ్వు చూసుకో, ఇవి ఎల్‌కేజీ చేపలు" అన్నాను. అమ్మ సరేనంది. నేనిచ్చింది బహుమతి అనుకుందో, వదిలించుకున్న సామాననుకుందో నేను అడగలేదు.

ఇక్కడ మా ఇంటి నీళ్ళ గురించి చెప్పాలి. సికింద్రాబాద్‌లో చాలా ఇళ్ళల్లో లాగానే మాకూ నీళ్ళు రెండు రకాలు. బోరు నీళ్ళు రోజంతా వస్తాయి. స్నానానికి, అంట్లకి. రోజు విడిచి రోజు పొద్దున ఆరింటికి ఒక గంట కుళాయి వస్తుంది. అవి మంచినీళ్ళు. తాగడానికి, వంటకి, దేవుడికి. కుళాయి వచ్చే రోజు అమ్మది ఒకటే వరస. బిందెల్లో మిగిలిన పాత నీళ్ళు పారబోయాలి, బిందెలు చింతపండుతో తోమాలి, కొత్త నీళ్ళు పట్టాలి. నిన్నటి నీళ్ళు దేవుడికి పనికిరావు. మా అమ్మమ్మ అలాగే చేసేది, ఆవిడ అత్తగారూ అలాగే. అయితే ఇక్కడ నీళ్ళ కరువు చూశాక పారబోయడానికి అమ్మకి చేతులు రాలేదు. ఆ నిన్నటి నీళ్ళు తీసుకెళ్ళి గప్పీల తొట్టిలో పోసేది.

అంతకుమించి ఆమె చేసింది కొంచెమే. తొట్టిలో నాచు పెంచింది. కడుపుతో ఉన్న గప్పీని విరిగిన పాత మగ్గులోకి తీసి, అందులో కాస్త నాచు వేసి, "ఇది పురిటి గది" అనేది. కన్న వెంటనే తల్లినే తీసేసేది, లేకపోతే పిల్లల్ని తినేస్తుందని. ఇవన్నీ ఎవరు చెప్పారంటే, "చెప్పడమేటి, చూస్తే తెలీదా?" అనేది. ఏడాది తిరక్కుండానే మా అపార్ట్‌మెంట్‌లో సగం ఇళ్ళల్లో కాఫీపొడి సీసాల్లో అమ్మ గప్పీలు ఈదుతుండేవి. మెట్లమీద ఎదురుపడ్డవాళ్ళు ఆమెని చేపలమ్మగారూ అని పిలిచేవారు. నన్నెవరూ ఏ పేరుతోనూ పిలవలేదు.

నా డిస్కస్‌లు పెరిగాయి. వాటికోసం థర్మామీటరు, హీటరు, నీటి గుణం చూసే కాగితాలు, ఒక నల్ల అట్ట నోటుబుక్కు. ప్రతిరోజూ వేడి ఎంత, ఏం తిన్నాయి, నీళ్ళు ఎప్పుడు మార్చాను, చేపల రంగు ఎలా ఉంది, అన్నీ రాసేవాణ్ణి. పుస్తకాల్లో చెప్పిన మేత మా ఇంట్లో కుదరదు. అమ్మ రొయ్యలు ఒలిచి, వెల్లుల్లి రెబ్బ, ఉడికించిన పాలకూర వేసి రోట్లో నూరి, బిళ్ళలు చేసి ఫ్రిజ్‌లో పెట్టేది. సముద్రం దగ్గర పుట్టిన మనిషికి రొయ్య ఒలవడం చెప్పాలా? చేపలు ఆ బిళ్ళల కోసం ఆమె గాజుల చప్పుడు వినగానే అద్దం దగ్గరికొచ్చేవి. నేనొస్తే వచ్చేవి కావు.

ఏడాదిన్నర తర్వాత రెండు చేపలు జతకట్టాయి. మిగతావాటిని ఒక మూలకి తరిమేస్తుంటే, వేరే తొట్టె కొని హాల్లోనే పెట్టి, ఆ రెంటినీ అందులో ఉంచాను. బోర్లించిన మట్టి పూలకుండీ పెట్టాను. ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి కుండీకి ఒక పక్కన నూట యాభై దాకా గుడ్లు, తేనె చుక్కల్లా, వరసలు వరసలుగా! నేను బూట్లు విప్పకుండా నేలమీద కూర్చుండిపోయాను. మూడో రోజుకి అన్నీ తెల్లగా పాలిపోయాయి. పదిహేను రోజులకి మళ్ళీ పెట్టాయి. మళ్ళీ తెల్లబడ్డాయి. భాయ్ దగ్గరికి పరుగెత్తాను.

"ఏం నీళ్ళు పోస్తున్నరు సార్?"

"బోరు నీళ్ళు."

"అరే! బోరు నీళ్ళల్ల గుడ్డు యాడ పగులుతది? ఉప్పు పేరుకుంటది. మంచినీళ్ళు వాడుండ్రి. గీ సీసాల చుక్కలేయుండ్రి, క్లోరిన్ ఇరుగుతది. ఇంకోటి సార్, జెర ఇనుండ్రి..."

నేను అప్పటికే స్కూటర్ స్టార్ట్ చేశాను. మంచినీళ్ళు! ఇంత తేలికా! ఆ ఇంకోటి ఏమిటో నాకు ఆరు నెలలకి గాని తెలియలేదు.

ఆ నెల నుంచి కుళాయి వచ్చిన రోజు నేరుగా కుళాయి కింద బకెట్లు పెట్టి, సీసా మీద రాసినన్ని చుక్కలు వేసి, తొట్టెలో పోసేవాణ్ణి. నీళ్ళు మార్చాల్సింది కుళాయి రాని రోజయితే మంచినీళ్ళు పట్టి ఉంచే వంటింటి డ్రమ్ములోంచి తోడి పోసేవాణ్ణి. రెండూ మంచినీళ్ళే కదా, తేడా ఏముంటుందనుకున్నాను.

శ్రావణంలో గుడ్లు మళ్ళీ వచ్చాయి. ఈసారి మూడో రోజున తెల్లబడలేదు. కళ్ళు వచ్చాయి! ఒక్కో చుక్కలో రెండు నల్లటి కళ్ళు, వెనక తోక కొట్టుకుంటోంది. కుండీ అంతా వణుకుతున్నట్టుంది. ఇంకో మూడు రోజులకి అవి కుండీ వదిలి నీళ్ళలోకి లేచి, వెతుక్కుంటూ వెతుక్కుంటూ పోయి తండ్రి చేప పక్కలకి అతుక్కున్నాయి. డిస్కస్ పిల్లలకి మొదటి తిండి అదే. తల్లీ తండ్రీ ఒంటిమీద ఊరే జిగురును అవి కొరుక్కు తింటాయి. చదివాను గాని నమ్మలేదు. ఇప్పుడు కళ్ళముందు జరుగుతోంది.

"అమ్మా! అమ్మా, రా! పాలు తాగుతున్నాయి!"

అమ్మ చేతికంటిన పిండితోనే వచ్చింది. పీట లాక్కుని కూర్చుంది. "ఏటిరా, చేప పాలిస్తాదా?" అంటూనే కళ్ళు పెద్దవి చేసింది. "ఓర్నాయనోయ్, ఇస్తన్నాదిరా! అదిగో అది తండ్రి గావాల, అలిసిపోనాడు. చూడు చూడు, ఒళ్ళు విదిలించీసి పిల్లల్ని తల్లి మీదకి తోసీసేడు!" నిజంగానే తండ్రి చేప ఒక్క కుదుపు కుదిపి పక్కకి తప్పుకుంది, పిల్లల మబ్బు మొత్తం తల్లి మీదికి పోయింది. నా భార్య పడగ్గదిలోంచి పరుగెత్తుకొచ్చి, "ఎంత బాగా తెలుసు వాడికి! మన మగాళ్ళకి వేరే చెప్పాలా?" అంది. ముగ్గురం పడీ పడీ నవ్వాం. ఆ రెండు రోజులు ఆ ఇంట్లో ఉన్నంత సంతోషం నాకు ఏ ఉద్యోగంలోనూ దొరకలేదు.

మూడో రోజు శుక్రవారం. కుళాయి రోజు. పిల్లలున్న తొట్టెలో నీళ్ళు శుభ్రంగా ఉండాలని ఆఫీసుకి వెళ్ళేలోగా మార్చాలనుకున్నాను. నేను బకెట్లు పెడుతుంటే బిందెల దగ్గరున్న అమ్మ ముక్కు చిట్లించింది.

"ఒరే, ఈయాల నీళ్ళు తెల్లగా వస్తన్నాయి. వాసనకి ముక్కు మండిపోతన్నాది. కాసేపు ఆగరా."

"మంచినీళ్ళే కదమ్మా. చుక్కలేస్తాను."

నాలుగు బకెట్లు పోసి స్నానానికి వెళ్ళాను. ఈలోగా అమ్మ శ్రావణ శుక్రవారం పూజ ముగించి, నిప్పుల మీద సాంబ్రాణి వేసి, ప్రతి శుక్రవారంలాగే ఇల్లంతా ధూపం తిప్పుతూ హాల్లోకి వచ్చింది. తొట్టె దగ్గర ఒక్క క్షణం ఆగింది. కొత్తగా పుట్టినవాళ్ళు కదా, వాళ్ళకీ ఇంత పొగ చూపించింది.

నేను తల తుడుచుకుంటూ బయటికొచ్చేసరికి తండ్రి చేప బొగ్గులా నల్లబడి నీళ్ళపైన నోరు తెరుస్తోంది. తల్లి పక్కకి ఒరిగింది. పిల్లలు అద్దం అడుగున, దుమ్ములా, కదలకుండా. తొట్టె పక్కన పొగ. గాలి పంపు గదిలో గాలినే నీళ్ళలోకి తోస్తుందని నాకు తెలుసు. ఇంకేం కావాలి?

"నువ్వే చంపావు! నీ పొగతో నువ్వే చంపావు! ఇన్ని నెలల కష్టం. దేవుడికి పొగ పెట్టుకోవాలంటే ఎక్కడైనా పెట్టుకో, ఇంక హాల్లోకి మాత్రం తేవద్దు!"

ఆ గొంతు నాదేనా అని ఇప్పుడు రాస్తుంటే అనిపిస్తోంది. నాదే. అమ్మ ధూపం పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళి, ఎర్రగా ఉన్న నిప్పుల మీద నీళ్ళు చల్లేసింది. సుయ్యిమన్న చప్పుడు హాల్లోకి వినిపించింది. నేను మోకాళ్ళమీద కూర్చుని చచ్చిన పిల్లల్ని ఒక్కొక్కటే గొట్టంతో పీలుస్తూ లెక్కపెడుతూ ఏడ్చాను. కింద ఆఫీసు క్యాబ్ హారన్ కొట్టింది. కళ్ళు తుడుచుకుని ఎక్కేశాను. ఆ సాయంత్రానికి పెద్ద చేపలు రెండూ కోలుకున్నాయి. ఆ సంగతి కూడా నోటుబుక్కులో రాశాను. అమ్మ ఎలా ఉందో రాయడానికి అందులో గడి లేదు.

తర్వాతి శుక్రవారం నుంచి ధూపం బాల్కనీలోనే, గప్పీల తొట్టి పక్కన. ఇంకోటి కూడా జరిగింది. అమ్మ హాల్లోంచి నడిచేటప్పుడు తొట్టె దగ్గరికి రాగానే చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకునేది. అలిగిందనుకున్నాను. రొయ్యలు మాత్రం ఒలిచి నూరుతూనే ఉంది.

ఆశ్వయుజంలో ఒక కాన్పు, కార్తీకంలో ఒకటి. రెండూ పుట్టాయి, ఈదాయి, పోయాయి. హాల్లో పొగ లేదు కదా, మరి? ఇంకో ముద్దాయిని వెతికాను. నేల తుడిచే ఫినాయిల్ అన్నాను. నా భార్య పెట్టిన దోమల చుట్ట అన్నాను. చివరికి ఆ శ్రావణం పొగే గోడలకి పట్టిందన్నాను. ఆఫీసు ప్రింటర్ మీద పెద్ద అక్షరాలతో ఒక కాగితం తీసి తొట్టెకి అంటించాను. "పొగ వద్దు. ఫినాయిల్ వద్దు. దోమల చుట్ట వద్దు. అద్దం ముట్టవద్దు." నా భార్య అది చదివి, "ఊపిరి పీల్చవచ్చా అండీ?" అని అడిగింది. నేను నవ్వలేదు. ఆఫీసులో రోజుకి పదిసార్లు ఎదుటివాణ్ణి అడిగే ప్రశ్న ఒకటుంది. పాడవడానికి సరిగ్గా ముందు ఏం మార్చారు? ఇంట్లో నన్ను నేను ఆ ప్రశ్న ఒక్కసారీ అడగలేదు. ఎందుకంటే మార్చింది ఎప్పుడూ నేనే.

సంక్రాంతి వెళ్ళాక ఒక ఆదివారం. మనుషులు తిరుగుతుంటే జత చేపలు బెదురుతున్నాయని తొట్టె వెనక అద్దానికి కాగితాలు అంటించాలనుకున్నాను. అటకమీద అమ్మ దాచిన పోయినేడాది గోడ క్యాలెండరు దొరికింది. ఒక్కో నెలా చింపి అంటిస్తున్నాను. ఆగస్టు కాగితానికి టేపు వేస్తుంటే తేదీల మూలల్లో పెన్సిలుతో చిన్న అక్షరం కనిపించింది. "నీ". రోజు విడిచి రోజు. ఒకచోట మాత్రం రెండ్రోజులు లేదు.

"అమ్మా, ఈ నీ ఏంటి?"

వంటింట్లోంచే జవాబు. "నీళ్ళొచ్చిన రోజురా. ఎప్పుడొచ్చేయో మర్చిపోతాను గదా."

ఎందుకో నల్ల అట్ట నోటుబుక్కు తెచ్చి పక్కన పెట్టాను. శ్రావణ శుక్రవారం: "నీ". ఆశ్వయుజం పిల్లలు పోయిన రోజు: "నీ". కార్తీకం: "నీ". వెనక్కి తిప్పాను. పెద్ద చేపలు నల్లబడి మూలకి చేరాయని, "ఈరోజు మూడ్ బాగాలేదు" అని నేను రాసుకున్న రోజులన్నీ వెతికాను. నీ. నీ. నీ. నీళ్ళు మార్చినా హాయిగా ఉన్నాయని రాసిన రోజులు? ఖాళీ గడులు. కుళాయి రాని రోజులు, వంటింటి డ్రమ్ము రోజులు!

లేచి నిలబడ్డాను. మళ్ళీ కూర్చున్నాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఇంత శుభ్రంగా దొరికిన తప్పు ఇంకోటి లేదు. ఆనందంతో అరవబోయాను. నోరు తెరిచాక గాని తెలియలేదు, దొరికిన దొంగను నేనేనని.

చొక్కా తిరగేసుకున్నానేమో కూడా చూసుకోకుండా రెజిమెంటల్ బజార్‌కి పోయాను. భాయ్ మొత్తం విని, గడ్డం గోక్కున్నాడు.

"వానల్ల క్లోరిన్ మందు ఎక్కువ గొడ్తరు సార్, రోగాలు రావద్దని. మన్షులకు మంచిదే. మీ చుక్కలు దానికేం సరిపోతయ్? నిలవ పెట్టి వాడుమని నేను ఆనాడే చెప్పబోయిన. మీరు మంచినీళ్ళు అనంగనే స్కూటర్ షురూ జేసిండ్రు!"

"నిలవ పెట్టి అంటే?"

"ఒక దినం ఉంచితె గాలికే పోతది సార్. నిన్నటి నీళ్ళు. గంతే. మీ అమ్మగారి గప్పీలు ఒక్కటన్న సచ్చినాయి?"

చావలేదు. వాటికి ఎప్పుడూ నిన్నటి నీళ్ళే. దేవుడికి పనికిరాని నీళ్ళు. మంచినీళ్ళు అంటాం గాని అవి ఎవరికి మంచివో ఆ మాట చెప్పదు. మనకి మంచివి. ఒక రోజు కూచుంటే తప్ప చేపకి కాదు.

ఆ సాయంత్రమే రెండు పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ములు తెచ్చి, పట్టిన నీళ్ళు మూత తీసి ఒక రోజంతా, గాలి గొట్టం వేసి ఉంచడం మొదలుపెట్టాను. వారం లోపే పెద్ద చేపల రంగు తిరిగిందంటే నమ్ముతారా! ఎరుపు ఎరుపయింది, నీలం నీలమయింది. పదో రోజుకి కుండీ మీద గుడ్లు.

నేను చేసిన రెండో తప్పు ఇక్కడుంది. మొదటిదానికంటే దీనికే ఎక్కువ సిగ్గుపడతాను. క్యాలెండరు చూసిన రోజే అమ్మకి చెప్పాల్సింది. చెప్పలేదు. ఈసారి పిల్లలు బతికాక, అద్దం ముందు నిలబెట్టి, నవ్వుతూ చెబుదామనుకున్నాను. క్షమించమని అడగడం కూడా విజయోత్సవంలా జరగాలి నాకు. గుడ్లు పగిలాయి, పిల్లలు లేచాయి, తండ్రి పక్కలకి అతుక్కున్నాయి. అమ్మ దూరంగా వంటింటి గుమ్మంలో నిలబడి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని చూసింది. దగ్గరికి రాలేదు.

రెండో రోజు, గురువారం సాయంత్రం, నా భార్యకి డ్రమ్ముల సంగతి, క్యాలెండరు సంగతి చెప్పాను. ఆమె దిద్దుతున్న పరీక్ష పేపర్లు పక్కన పెట్టింది.

"అత్తయ్యకి చెప్పారా?"

"చెబుతాను. ఇంకో వారం. ఇవి బతికాయంటే..."

"అంటే చేపలు బతికితేనే అత్తయ్యది తప్పు కాదా? చస్తే ఆవిడ తప్పేనా?"

నేను లేచి తొట్టె వెనక నుంచి ఆగస్టు కాగితం ఊడదీసి నోటుబుక్కులో పెట్టాను.

మర్నాడు శుక్రవారం. పిల్లలు ఈదడం మొదలుపెట్టి మూడో రోజు. ఆ శ్రావణం నాటి వయసే. అమ్మ పూజ అయింది. బాల్కనీ వైపు ధూపం తీసుకెళుతోంది. నేను వెళ్ళి దారికి అడ్డం నిలబడ్డాను. నోటుబుక్కు, ఆగస్టు కాగితం చేతిలో ఉన్నాయి. ఎలా మొదలుపెట్టాలో తెలియక, "అమ్మా, చంపింది నేను" అన్నాను.

"ఏటిరా?"

"శ్రావణంలో చేపపిల్లల్ని. నీ పొగ కాదు. నేను పోసిన నీళ్ళు. ఆగమన్నావు, నేను ఆగలేదు. ఇదిగో చూడు, నువ్వే రాశావు." కాగితం చూపించాను. "పంతొమ్మిది రోజుల నించీ తెలుసు. చెప్పలేదు. తప్పయింది."

అమ్మ కాగితం వైపు చూడలేదు. ధూపం నేలమీద పెట్టి, గోడకి చేరబడింది. "నువ్వు అరిచేవని కాదురా. చచ్చిపోనవాటిని ఒక్కొక్కటే లెక్కెట్టి ఏడ్చేవు చూడు. నానే చంపీసేననుకున్నాను. కొత్తగా పుట్టినవాటికి పొగెట్టీసి చంపీసేననుకున్నాను. అటుపక్క నడవాలంటే నా ఊపిరి తగిల్తే ఇంకేటైపోద్దోనని..."

చెంగు అలకకి కాదు. ఆరు నెలలు ఆమె ఊపిరి బిగబట్టి నా హాల్లో నడిచింది.

కాళ్ళు పట్టుకోబోతే "ఛీ, లే, ఆఫీసుకెళ్ళే బట్టలు" అంది. నేను లేచి, తొట్టె మీది కాగితం చింపేశాను. "ధూపం హాల్లోకి తే అమ్మా."

"పిల్లలు పెద్దవనీరా. తరవాత చూద్దాం."

"ఇప్పుడే తే."

భయం లేదని చెప్పను. ఉంది. పొగ వాటికి ఏమీ చేయదని నాకు రుజువేమీ లేదు. నీళ్ళు చంపాయని తెలుసు, అంతే. ఆ నూరు పిల్లలకోసం రెండేళ్ళు తపించాను. అయినా అవి బతికాయో లేదో చూసుకుని అమ్మని పిలిచే మనిషిని మాత్రం ఇంక కాకూడదనుకున్నాను.

అమ్మ నా మొహం చూసింది. "అయితే ఆ గాలి మిషను కాసేపాపు. పొగ లోపలికి తోస్తాది గదా." పంపు ఆపాను. ఆరు నెలలుగా పొగనే తిట్టిన నాకు ఆ ఒక్క స్విచ్ తట్టలేదు! అమ్మ ధూపం తెచ్చింది. గుమ్మం, మూలలు, అటక కింద, అంతా తిప్పింది. తొట్టె దగ్గరకి వచ్చేసరికి చెయ్యి అడ్డం పెట్టి, పొగని తన వైపు తిప్పుకుని, దూరంగా దాటబోయింది. ఆగింది. చెంగు నోటికి తీసుకెళ్ళబోయి, వదిలేసింది. వంగి అద్దంలోకి చూసింది. సాంబ్రాణి వాసన హాలంతా నిండింది. ఎన్నాళ్ళయిందో.

తండ్రి చేప ఒళ్ళు విదిలించింది. పిల్లలన్నీ ఒక్క ఊపున తల్లి మీదికి వెళ్ళాయి. అరగంట చూశాం. గంట చూశాం. కింద క్యాబ్ హారన్ కొట్టీ కొట్టీ వెళ్ళిపోయింది. ఒక్కటీ రాలలేదు. మేం ముగ్గురం నేలమీదే కూర్చున్నాం. నా భార్య బడికి ఫోన్ చేసి తలనొప్పని చెప్పింది.

మధ్యాహ్నం నీళ్ళు మార్చే వేళకి అమ్మ డ్రమ్ములోంచి మొదటి చెంబు తనే ముంచింది. వాసన చూసింది, చిటికెన వేలు ముంచి చూసింది, నెమ్మదిగా అద్దం వారగా పోసింది.

"ఒరే, మీ ఆఫీసులో మాత్రం చెప్పకు."

"ఏం?"

"ఇన్ని మిషన్లు, ఇన్ని పుస్తకాలెట్టుకుని, ఆకర్న అమ్మ పారబోసే నీళ్ళతో పెంచేనని తెలిస్తే, నీ కుర్చీలో నన్ను కూర్చోబెట్టీగలరు."